దామెర్ల రామారావు

ఆధునికాంధ్ర చిత్రకళకు ఆద్యుడైన దామెర్ల రామారావు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించాడు. చదువుకన్నా చిత్రలేఖనంపైనే మక్కువ గల ఆ బాలుని ప్రతిభను అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించాడు. ఆయన స్వయంగా కవి, చిత్రకారుడు. అట్టి గురువు లభించడం శిష్యుని భాగ్యమే. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి వెళ్ళి జె.జె. చిత్రకళాశాలలో శిక్షణ పొందాడు.

బొంబాయిలో నాడు పాశ్చాత్య పద్ధతికి, కలకత్తాలో వంగశైలికి ప్రాభవం ఉండేది. రామారావు రెంటినీ ఎరిగి, దేనికీ దాసుడు కాలేదు. ఎదుట నిలిచిన మనిషి కనుముక్కుతీరును యథాతథంగా పట్టగల నేర్పు ఆయనకుంది. అయినా, అజంతా చిత్రాలలోని రేఖాలాలిత్యాన్ని విడువలేదు. తెలుగు స్త్రీల కట్టుబొట్టులు, గోదావరీతీర ప్రకృతి ఆయన చిత్రాలలో కొలువుదీరాయి. ఋష్యశృంగుని కథను చిత్రించిన పటానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి లభించింది.

స్వస్థలంలో ఆయన చిత్రకళాశాలను స్థాపించాడు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ సైతం కుంచె పట్టారు. కులస్త్రీలు గడప దాటడమే అరుదైన ఆ కాలంలో ఇది సామాన్య విషయం కాదు.

1925 ఫిబ్రవరి 6న, 28 ఏండ్లు నిండకుండానే, మశూచి ఆయనను బలిగొన్నది. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలను ఆరిపోనీయక నడిపాడు. రామారావు చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో భద్రపరచబడ్డాయి.