తండ్రీ అధ్యక్షుడే.. కొడుకూ అధ్యక్షుడే.. కానీ ఆ ఇంట్లో మిగతా కొడుకుల సంగతేంటి?

అమెరికాలో తండ్రీకొడుకులిద్దరూ అధ్యక్షులైన కుటుంబం అనగానే అందరికీ బుష్‌లే గుర్తొస్తారు. కానీ వాళ్లకంటే 170 ఏళ్ల ముందే ఆ రికార్డు కొట్టేసిన ఇల్లు ఒకటుంది. అదే ఆడమ్స్ ఫ్యామిలీ. తండ్రి జాన్ ఆడమ్స్ రెండో అధ్యక్షుడు. కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆరో అధ్యక్షుడు. బయటి నుంచి చూస్తే బంగారు వంశం. లోపలికి తొంగి చూస్తే మాత్రం కథ వేరు.

ఈ కుటుంబం మొదట్నుంచీ శ్రీమంతులేం కాదు. హెన్రీ ఆడమ్స్ అనే ఆయన 1638 ప్రాంతంలో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి మసాచుసెట్స్‌లో దిగాడు. అక్కడి బ్రెయిన్‌ట్రీలో సేద్యం చేసుకుంటూ బతికారు. తరాలు గడిచాక ఆ రైతు కుటుంబంలోనే జాన్ ఆడమ్స్ లాయర్ అయ్యారు. ఆయన భార్య అబిగైల్ మాత్రం పలుకుబడి ఉన్న క్విన్సీల మనవరాలు. 1767 జూలై 11న కొడుకు పుట్టినప్పుడు ఆమె తాత జాన్ క్విన్సీ చావుబతుకుల్లో ఉన్నారు. ఆయన పేరే పిల్లాడికి పెట్టారు. తర్వాత ఆ ఊరికీ అదే పేరొచ్చింది.

ఏడేళ్ల వయసులో తల్లి చెయ్యి పట్టుకుని కొండెక్కి బంకర్ హిల్ యుద్ధం చూశాడు ఆ పిల్లాడు. పదేళ్లకి తండ్రితో యూరప్. పద్నాలుగేళ్లకి రష్యాలో అమెరికా దూతకు సెక్రటరీ! మన దగ్గర ఆ వయసు పిల్లలు టెన్త్ పరీక్షలకి కూడా రాలేదు మరి. 26 ఏళ్లకే జార్జ్ వాషింగ్టన్ ఆయన్ని నెదర్లాండ్స్‌కు రాయబారిగా పంపారు. 1797లో లండన్‌లో లూయిసాను పెళ్లాడారు. ఆమె పుట్టింది లండన్‌లోనే. మెలానియా ట్రంప్ వచ్చేదాకా విదేశంలో పుట్టిన ఏకైక ఫస్ట్ లేడీ ఆమే.

ఇక్కడే ఇంకో వైపు చూడాలి. జాన్ క్విన్సీ తమ్ముడు ఛార్లెస్ మద్యానికి బానిసయ్యాడు. తండ్రి అతనితో తెగతెంపులు చేసుకున్నారు. 1800లో, తండ్రి రెండోసారి పోటీ చేసి ఓడిపోతున్న రోజుల్లోనే ఛార్లెస్ న్యూయార్క్‌లో చనిపోయాడు. వయసు 30.

1824 ఎన్నికల్లో జాన్ క్విన్సీకి వచ్చినవి 84 ఎలక్టోరల్ ఓట్లే. ఆండ్రూ జాక్సన్‌కు 99. ఎవరికీ మెజారిటీ రాకపోవడంతో ప్రతినిధుల సభ తేల్చాల్సి వచ్చింది. స్పీకర్ హెన్రీ క్లే అండతో ఆడమ్స్ గెలిచారు. కాసేపటికే క్లేకు విదేశాంగ మంత్రి పదవి దక్కడంతో కుమ్మక్కు అంటూ జాక్సన్ వర్గం నాలుగేళ్లూ దుమ్మెత్తిపోసింది. 1826 జూలై 4న తండ్రి కన్నుమూశారు. ఆ కబురు వాషింగ్టన్ నుంచి బయల్దేరిన కొడుక్కి దారిలో తెలిసింది. 1828లో జాక్సన్ చేతిలో ఓటమి. తండ్రిలాగే ఈయనా ఒక్క టర్మ్‌తో సరి. తండ్రిలాగే కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికీ వెళ్లలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. పెద్ద కొడుకు జార్జ్ వాషింగ్టన్ ఆడమ్స్ లాయర్. తాగుడు, అప్పులు, తండ్రి అంచనాల బరువు. 1829 ఏప్రిల్‌లో అమ్మానాన్నల దగ్గరికి వస్తూ రాత్రి స్టీమర్ మీంచి నీళ్లలో పడి చనిపోయాడు. వయసు 28. శవం వారాల తర్వాత దొరికింది. ఐదేళ్లకి రెండో కొడుకు జాన్ కూడా మద్యంతో ఆరోగ్యం పాడై 31 ఏళ్లకే పోయాడు. పసిబిడ్డగా ఉన్న కూతురు అంతకుముందెప్పుడో రష్యాలోనే చనిపోయింది. తల్లిదండ్రుల తర్వాత మిగిలింది ఛార్లెస్ ఫ్రాన్సిస్ ఒక్కడే.

ఇంకొకరైతే ఇంట్లో కూర్చునేవారేమో. ఆయన మాత్రం 1831లో మామూలు కాంగ్రెస్ సభ్యుడిగా మళ్లీ వాషింగ్టన్ వచ్చారు. మాజీ అధ్యక్షుడు కింది సభలో! ఆయన అసలు గొప్పతనం కనిపించింది ఇక్కడే అనాలి. అధ్యక్షుడిగా బానిసత్వంపై పెద్దగా నోరు విప్పని మనిషే, ఇప్పుడు సభ వణికేలా కొట్లాడారు. బానిసత్వానికి వ్యతిరేకంగా వచ్చే అర్జీలను చర్చించకుండా పక్కన పడేసే రూల్ 1836లో పెట్టారు. అభిశంసిస్తామని బెదిరించినా తగ్గలేదు. చివరికి 1844 డిసెంబర్‌లో ఆ రూల్ ఎత్తేయించారు.

మధ్యలో అమిస్టాడ్ కేసు. ఓడలో తిరగబడ్డ ఆఫ్రికన్ బందీల తరఫున 1841లో సుప్రీంకోర్టులో రెండు రోజులు వాదించారు. ఆ కోర్టులో ఆయన వాదించి అప్పటికి 30 ఏళ్లు దాటిపోయింది. వయసు 73. బందీలు స్వేచ్ఛాజీవులని తీర్పొచ్చింది. బతికున్న 35 మంది ఆఫ్రికాకు తిరిగెళ్లారు.

1848 ఫిబ్రవరి 21. మెక్సికో యుద్ధంలో గెలిచిన జనరళ్లను సత్కరించే తీర్మానానికి గట్టిగా నో చెప్పిన కాసేపటికే సభలోనే కుప్పకూలారు. కదిలించే వీల్లేక స్పీకర్ గదిలో పడుకోబెట్టారు. రెండు రోజులకి అక్కడే ప్రాణం పోయింది. అప్పుడు అదే సభలో కొత్త సభ్యుడొకరున్నారు.. పేరు అబ్రహాం లింకన్. పదమూడేళ్ల తర్వాత ఆయనే అధ్యక్షుడై, మిగిలిన ఆ ఒక్క కొడుకు ఛార్లెస్ ఫ్రాన్సిస్‌ను బ్రిటన్‌కు రాయబారిగా పంపారు.

క్విన్సీలోని చర్చి కింద అర్రలో ఇప్పుడు నాలుగు సమాధులున్నాయి. జాన్, అబిగైల్, జాన్ క్విన్సీ, లూయిసా.