శిలాజశాస్త్రవేత్త ఆచార్య బీర్బల్ సాహ్ని

రాజమహేంద్రవరము చెంతనున్న కాటేరులోను, గోదావరికి ఆవలి గట్టున పంగిడి ప్రాంతములోను నల్లరాతి గనులు కలవు. ఆ రాతిని కొట్టి కంకర చేసి బాటలకు వాడుట మనము ఎరిగినదే. అది ఒకానొకప్పుడు భూమిలోనుండి కరగి పొంగిన లావా. ఒకసారి ప్రవహించి, చల్లారి, బండగట్టిన పిమ్మట ఎంతో కాలమునకు మరల రెండవ ప్రవాహము దానిపై వచ్చి పడినది. ఈ రెంటి నడుమ సున్నపురాతి పొర యొకటి చిక్కుకొని యున్నది. దానిలో ఆల్చిప్పలును, కంటికి ఆనీ ఆనని నాచుమొక్కల కాయలును దొరకుచున్నవి. పైరాయి నిప్పునుండి పుట్టినది, నడిమి పొర నీటిలో పుట్టినది. ఆ నడిమి పొర ఏ కాలపుదో నిర్ణయింపగలిగినచో పైలావాకును క్రిందిలావాకును వయస్సు చెప్పవచ్చును. మన దేశములో ఇట్టి పొరలలోని చెట్టుచేమల ఆనవాళ్లను చదువుటకు జీవితమును ధారపోసినవారు ఆచార్య బీర్బల్ సాహ్ని.

సాహ్నిగారు 1891 నవంబరు 14వ తేదీన పంజాబులోని భేరా పట్టణమున జన్మించిరి. ఆ ఊరు నేడు పాకిస్తానులో నున్నది. తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోరు ప్రభుత్వ కళాశాలలో రసాయనశాస్త్రము బోధించిన పండితుడు, సంఘసంస్కరణమునందు పట్టుదల గలవాడు. సెలవు దినములలో ఆయన పిల్లలను వెంటబెట్టుకొని హిమాలయములలో కాలినడకన తిరుగుచుండెడివాడు. దారిలో కుమారుడు మొక్కలు సేకరించుచుండెను. ఆ నడక బీర్బల్‌గారిని కడవరకు వదలలేదు.

లాహోరులో 1911లో పట్టము పొంది, ఆయన ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లి, శిలాజవృక్షముల విషయమున నాడు ప్రసిద్ధుడైన ఆచార్య సీవార్డుకు శిష్యులైరి. గురుశిష్యులు కలసి భారతదేశపు గోండ్వానా మొక్కల శిలాజములను పునఃపరిశీలించి 1920లో గ్రంథము వెలువరించిరి. గోండ్వానా యనగా మనకు దూరపు మాట కాదు. సింగరేణి బొగ్గు పుట్టినది ఆ పొరలలోనే. ఆ పొరల రాతిపలకలను చీల్చినచో నాలుక ఆకారము గల ఆకు అచ్చులు కనబడును. దానికి గ్లాసాప్టెరిస్ అని పేరు. అదే ఆకు ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, దక్షిణ అమెరికాలోను దొరకుచున్నది. నడుమనున్న మహాసముద్రములను ఆ చెట్టు ఈదలేదు గదా! ఆ ఖండములన్నియు నాడు ఒకటిగా నుండెనని నేడు మనకు తెలియును. ఆకు ముద్ర సాక్ష్యము అంతటిది.

లండను విశ్వవిద్యాలయపు డాక్టరు పట్టముతో 1919లో స్వదేశమునకు వచ్చి, కాశీలోను లాహోరులోను కొలదికాలము బోధించి, 1921లో లక్నో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్ర శాఖాధిపతి యైరి. కడవరకు అదియే ఆయన స్థానము. 1920లో వివాహమాడిన సావిత్రీదేవి ఆయన ప్రయాణములలోను పనిలోను తోడుగా నుండెను.

ఆ పని ఎట్టిదో కొంచెము చెప్పవలెను. ఒక్కొక్కప్పుడు చెట్టు బురదలో కూరుకొనిపోయి, నీటిలో కరగియున్న ఇసుకరాతి పదార్థము దాని కణకణమునను నిండి, కొయ్య కొయ్యగానే రాయి యగును. అట్టి రాతిని పలుచని బిళ్లగా కోసి, వెలుతురు దూరునంత వరకు నూరి, సూక్ష్మదర్శిని క్రింద నుంచినచో కోట్ల యేండ్ల నాటి కణముల గోడలు నిన్న కోసిన కొమ్మలో వలె కనబడును. రాజమహల్ కొండలనుండి తెచ్చిన ఇట్టి ముక్కలను పరీక్షించి సాహ్నిగారు ఒక లుప్తవృక్షమును వర్ణించి, 1932లో దానికి తన గురువు పేర విలియంసోనియా సీవార్డియానా అని నామకరణము చేసిరి. వేరువేరుగా దొరకిన కాండము, ఆకు, పువ్వు ఒకే చెట్టువని తేల్చి ఆ చెట్టు రూపమును నిలబెట్టుట అసాధారణమైన పని. 1936లో లండను రాయల్ సొసైటీ వారు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనిరి. ఆ యేడే రోహ్‌తక్ చెంత ఖోఖ్రాకోటు దిబ్బపై ప్రాచీన నాణెముల మట్టి అచ్చులను గుర్తించి, యౌధేయుల టంకశాల విధానమును గూర్చి పెద్ద వ్యాసము వ్రాసిరి. మట్టిలో పడియున్న దేదియు ఆయన కంటికి చెత్తగా తోచలేదు.

ఇక దక్కను నల్లరాతి సంగతి. పశ్చిమ కనుమలనుండి మధ్యభారతము వరకు సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఈ లావా పరచుకొని యున్నది. వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతములు దాని అంచులు. ఇది ఎప్పటిది? రాక్షసబల్లులు తిరిగిన క్రెటేషియసు యుగపుదని భూగర్భశాస్త్రజ్ఞులలో పెక్కుమంది మతము. ఆ జంతువులు నశించిన పిమ్మట వచ్చిన తృతీయ యుగపుదని సాహ్నిగారు వాదించిరి. 1934లో ఈ ప్రశ్ననే శీర్షికగా పెట్టి వ్యాసము వ్రాసిరి. 1940లో మద్రాసున జరిగిన భారత సైన్సు కాంగ్రెసుకు అధ్యక్షులై దానినే ఉపన్యాస విషయముగా గైకొనిరి.

ఆయన సాక్షులు మొక్కలే. లావా పొరల నడుమ అజోల్లా దొరకెను. మన రైతులు వరిమళ్లలో ఎరువుగా పెంచు నీటిమొక్క జాతియే అది. అది దొరకిన చోట నాడు నిలకడనీటి మడుగు ఉండియుండవలెను. మధ్యభారతమున ఛింద్వాడా చెంత నీపా అను తాటిజాతి కాయ దొరకెను. ఆ చెట్టు నేడు సముద్రపు పోటు తగులు ఉప్పుటేళ్ల బురదలోనే పెరుగును. సముద్రమునకు వందల మైళ్ల దూరముననున్న ఛింద్వాడా దాపునకు ఆనాడు ఉప్పునీరు వచ్చియుండెనన్న మాట! అట్టి కాయలే లండను నగరము క్రిందనున్న తృతీయ యుగపు బంకమట్టిలో రాసులుగా దొరకినవి. మన కాటేరు ప్రాంతపు నాచుకాయలను ఎస్. ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావుగార్లు పరిశోధించి 1939లో ప్రకటించిన గ్రంథమును ఆయన వాదమునకు బలము చేకూర్చెను.

నేడు రాతిలోని అణువుల క్షయమును కొలిచి వయస్సు కట్టుచున్నారు. ఆ లెక్కను దక్కను లావా సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల నాటిది. అనగా రెండు యుగముల సరిహద్దుపై నిలిచినది. సాహ్నిగారు దానిని కొంత ఇటువైపునకు జరిపిరి, ప్రతిపక్షులు అటువైపునకు జరిపిరి. కాటేరు నడిమి పొర మాత్రము అందలి సూక్ష్మజీవుల గుల్లలను బట్టి రాక్షసబల్లులు అంతరించిన వెంటనే ఏర్పడినదని తేలినది. మన గోదావరి గట్టు వరకు ఆయన మాట నిలిచినట్లే.

ఉప్పుకొండల విషయమున అట్లు జరుగలేదు. జన్మస్థలమైన భేరాకు దాపుననే జీలం నదికి ఆవల ఖేవ్రా ఉప్పుగనులు గల కొండలున్నవి. ఉప్పుపొరకు పైనున్న రాళ్లు మిక్కిలి ప్రాచీనములు. నేలపై చెట్లు పుట్టక పూర్వపు సముద్రజీవుల శిలాజములు వానిలో కలవు. కనుక క్రిందనున్న ఉప్పు ఇంకను ప్రాచీనమై యుండవలెను. సాహ్నిగారు ఉప్పును నీట కరగించి, మిగిలిన మడ్డిలో కొయ్యపీలికలను, పురుగుల తునకలను చూచిరి. చెట్లున్న కాలపు ఉప్పే ఇది, భూమి కదలికలో పాతరాళ్లు వచ్చి దానిపై ఎక్కినవని వాదించిరి. ఆ తునకలు తరువాతి కాలమున పగుళ్ల వెంట నీటితో దిగి చేరియుండవచ్చునని ఎదిరిపక్షము. ఎంత జాగ్రత్తగా రాతి నడుమనుండి ముక్కలు తీయించినను ఆ అనుమానము తీరలేదు. పిమ్మట జరిగిన పరిశోధనలు ఉప్పు అతిప్రాచీనమే యని తేల్చినవి. పాతరాళ్లు జరిగి వచ్చిన మాట నిజమే కాని, ఉప్పు వాని క్రిందుగా జారుటకు తోడ్పడినదే గాని కొత్తది కాదు. శిలాజము పొరతో పుట్టినదా, పొరలోనికి చొరబడినదా అన్నది ఈ శాస్త్రమున మొదట తేల్చవలసిన ప్రశ్న యనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు. ఆయన యంతటివారు మోసపోయినందున ఆయన గొప్పతనము తగ్గినదని నేననుకొనను. ఎదిరించినవారిని ఎదురుగా కూర్చుండబెట్టుకొని సభలలో చర్చించినవారు ఆయన.

శిలాజవృక్షములకు ప్రత్యేకముగా ఒక పరిశోధనాలయము ఉండవలెనని ఆయన చిరకాల వాంఛ. దానికొరకు దంపతులు తమ శిలాజములను, గ్రంథములను, ఆస్తిని సమర్పించిరి. 1946 సెప్టెంబరు 10వ తేదీన సంస్థ ఏర్పడెను. భవనమునకు శంకుస్థాపన చేయుటకు ప్రధాని నెహ్రూ 1949 ఏప్రిలు 3వ తేదీన లక్నోకు వచ్చిరి. దేశదేశముల శిలాజములను పొదిగి ఆ శంకుస్థాపన శిలను సాహ్నిగారు ప్రత్యేకముగా తయారుచేసిరి. వారము తిరుగకమునుపే గుండెనొప్పి వచ్చి ఏప్రిలు 10వ తేదీన కన్నుమూసిరి. అప్పటికి వయస్సు 57. పునాది తప్ప గోడ లేవలేదు.

సంస్థను కాపాడుమని భర్త కడపట కోరినట్లు చెప్పుదురు. సావిత్రీదేవి దాని అధ్యక్షభారమును వహించి, ధనము సమకూర్చి, విద్వాంసులను నిలుపుకొని, భవనమును పూర్తిచేయించెను. 1953 జనవరి 2వ తేదీన నెహ్రూయే మరల వచ్చి దానిని ప్రారంభించిరి. సాహ్నిగారి పేరు వహించిన ఆ సంస్థలో దేశము నలుమూలల బొగ్గుగనులనుండియు చెరువుల అడుగులనుండియు తెచ్చిన మట్టిలో పుప్పొడి రేణువులను వెదకి, ఏ కాలమున ఎంత వాన కురిసెనో, ఏ చెట్లు పెరిగెనో నేటికిని లెక్కించుచున్నారు.