కల్నల్ కాలిన్ మెకంజీ

దేశచరిత్ర రాజుల శాసనాలలోనే కాదు, పాడుబడిన కోటలలో, గుడి గోడలలో, కరణాల కవిలెలలో కూడ దాగి ఉంటుంది. దక్షిణ దేశంలో అటువంటి చరిత్రను వెదకి, చిత్రాలుగా, వ్రాతలుగా పోగుచేసిన మహనీయుడు కాలిన్ మెకంజీ.

మెకంజీ 1754లో స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలో జన్మించాడు. 1783లో మద్రాసుకు వచ్చి, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా పనిచేశాడు. కోటలను పరిశీలించడం, భూములను కొలవడం, పటాలు గీయడం ఆయన ఉద్యోగధర్మం. అది ఫోటోలు లేని కాలం. అందువల్ల తాను చూసిన దుర్గాలను, కొండలను, ఆలయాలను తాను గీసేవాడు; చిత్రకారులచేత గీయించేవాడు. అలా గీసినవాటిని భద్రంగా దాచేవాడు.

ఆయనకు ఇక్కడి భాషలు రావు. ఆ లోటును తీర్చినవారు మన తెలుగువారే. 1796లో ఏలూరు వాస్తవ్యుడైన కావలి వెంకట బొర్రయ్య ఆయన వద్ద చేరాడు. ఊరూరా తిరిగి శాసనాలు చదివి, పెద్దలను అడిగి గ్రామచరిత్రలు సేకరించాడు. 1803లో, నిండా ముప్పై ఏళ్ళయినా నిండకుండానే, బొర్రయ్య మరణించాడు. ఆయన సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు. ఆ గ్రామచరిత్రలనే మనం కైఫీయతులు అంటున్నాం.

1798లో మెకంజీ అమరావతి స్తూపాన్ని చూశాడు. 1816లో మళ్ళీ వెళ్ళేసరికి ఎన్నో శిల్పాలు మాయమయ్యాయి. జనం ఆ సున్నపురాళ్ళను కట్టడాలకు తరలించారు. కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. మెకంజీ వెంటనే చిత్రకారులను నియమించి, మిగిలిన శిల్పాలను కొలతలతో గీయించాడు. తరువాత నశించిన పెక్కు శిల్పాల రూపురేఖలు నేడు ఆ చిత్రాలలోనే మిగిలాయి.

1815లో ఆయన భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. తరువాత కలకత్తాకు వెళ్ళి, 1821 మే 8న కన్నుమూశాడు. ఆయన సేకరణలో 1,568 వ్రాతప్రతులు, 8,076 శాసనాల ప్రతులు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నాయి. కంపెనీ వాటిని ఆయన భార్య వద్ద లక్ష రూపాయలకు కొన్నది. అనంతర కాలంలో సి.పి. బ్రౌన్ శ్రమకోర్చి కైఫీయతులకు నకళ్ళు వ్రాయించాడు.

అమరావతి చిత్రాలు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. దక్షిణాది భాషల వ్రాతప్రతులు అనేకం చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. తమ ఊరి పూర్వచరిత్ర తెలుసుకోగోరేవారు నేటికీ వాటినే ఆశ్రయిస్తున్నారు.