ఒత్తిడిని ఒంటిమీదే కొలిచిన హాల్డేన్

మా కొత్తచెరువుకి పేరులో చెరువుందే గానీ, అది నిండిన ఏడు మాకు పండగే. పాత బావిలో పూడిక తీసేవాళ్లు ముందు లాంతరు కిందికి దించుతారు. దీపం ఆరిందా, ఇక దిగరు. దిగినా, పైన తాడు పట్టుకుని ఒకరు ఉండి తీరాలి. జె.బి.ఎస్. హాల్డేన్ గురించి చదువుతుంటే నాకు ఆ తాడే గుర్తొచ్చింది.

హాల్డేన్ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ కూడా శాస్త్రవేత్తే. సముద్రం లోతులో ఒత్తిడికి గాలిలోని నత్రజని రక్తంలో కలుస్తుంది. గబుక్కున పైకొస్తే గోలీసోడా కొట్టినట్టు బుడగలు పొంగుతాయి. కీళ్లు పట్టేస్తాయి, ప్రాణమే పోవచ్చు. అందుకే మధ్యమధ్య ఆగుతూ పైకి రావాలని 1908లో ఆ తండ్రి లెక్కకట్టి చెప్పారు. అంతకు రెండేళ్ల ముందు పదమూడేళ్ల కొడుకుని స్కాట్లండ్ సముద్రంలోకి దించారు కూడా! పెద్దవాళ్ల డ్రెస్సు వదులై లోపలికి నీళ్లొచ్చేశాయట. ఆ తల్లి ఏమనుకుందో!

1939 జూన్‌లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది పోయారు. కార్మిక సంఘాల తరఫున కారణం తేల్చడానికి హాల్డేన్ పూనుకున్నారు. ఇనుపగదిలో కూర్చుని, గాలి ఒత్తిడి పెంచుకుని, తనమీదే ప్రయోగాలు చేసుకున్నారు. ఓసారి ప్రాణవాయువు ఎక్కువై ఫిట్స్ వచ్చి వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. శిష్యురాలు హెలెన్ స్పర్వే కూడా ఆ ప్రయోగాల్లో పాల్గొన్నారు. 1945లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

మామూలుకు పదిరెట్ల ఒత్తిడిలో, అంటే 90 మీటర్ల లోతులో ఉన్నట్టన్నమాట, లెక్కలు చేయిస్తే చదువుకున్నవాళ్లే తప్పులు చేశారు. నత్రజని మత్తు అది. తాను మత్తులో ఉన్నట్టు ఆ మనిషికే తెలియదు! కనిపెట్టి చూసేవాళ్లు ఇంకొకరుండాలి. ఇవాళ విశాఖలో సరదాగా స్కూబాకి వెళ్లే పిల్లలకైనా అంతే, జంట తప్పనిసరి. దిగేముందు ఒకరి సిలిండరు, పట్టీలు ఇంకొకరు చూడాలి. నీళ్లలో కనుచూపు దాటకూడదు. ఒకరికి గాలి అయిపోతే రెండోవారి సిలిండరు నుంచి పీలుస్తూ ఇద్దరూ మెల్లగా పైకి రావాలి. ఈత బాగా వచ్చు కదా అని మన పిల్లల్ని ఒంటరిగా పంపకండి.

1957లో హాల్డేన్ దంపతులు మన దేశానికి వచ్చేశారు. ముందు కలకత్తా, తర్వాత భువనేశ్వర్. ఆయన కుర్తా పైజమాలు వేసుకుని, మాంసం మానేసి, మన పౌరసత్వం తీసుకున్నారు. 1964 డిసెంబరు 1న కాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువుకోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. హెలెన్ 1978లో హైదరాబాదులో పోయారు.