డెమోలో నవ్వులపాలైన ప్రింట్

పైథాన్‌లో స్టూడెంట్ అనే క్లాస్ రాసి, ఒక ఆబ్జెక్ట్‌ని ప్రింట్ చేసి చూడండి. పేరూ, రోల్ నంబరూ రావు. క్లాస్ పేరు, పక్కనే అర్థంకాని మెమరీ అడ్రస్ వస్తాయి. అమలాపురం బస్టాండులో మీదే ఊరని అడిగితే సర్వే నంబరు చెప్పినట్టు! మనం ఏమీ చెప్పనప్పుడు ఆబ్జెక్ట్ ఎలా కనిపించాలి? భాషను తయారుచేసేవాళ్లు తేల్చాల్సిన విషయమిది. జాన్ మెకార్తీకి ఇది రెండుసార్లు ఎదురైంది.

ఆయన 1927లో బోస్టన్‌లో పుట్టారు. తండ్రిది ఐర్లాండ్, తల్లిది లిథువేనియా. కాలేజీలో చేరకముందే కాల్‌టెక్ గణితం పుస్తకాలు సొంతంగా చదివేశారు. 1951లో ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనే పేరు పెట్టింది ఈయనేనని మీరు వినే ఉంటారు. నాకు మాత్రం 1958లో ఎంఐటీలో మొదలైన లిస్ప్ భాష కథే ఎక్కువ ఇష్టం.

లిస్ప్ ప్రోగ్రాములు గణితం లాంటి రాతలో ఉండాలని, బ్రాకెట్ల రాత డేటాకే పరిమితమని మొదట్లో ఆయన ఆలోచన. కానీ మెషీన్ చదివేదీ, ప్రింట్ చేసేదీ బ్రాకెట్లలోనే. పైగా ప్రింటైన లిస్టుని మళ్లీ అలాగే ఇస్తే మెషీన్ చదివేసుకునేది. ప్రోగ్రామర్లు దానికే అలవాటుపడిపోయారు. ఆయన అనుకున్న రాత కాగితాల్లోనే ఉండిపోయింది. పైథాన్‌లో రెప్ర్ అనే మెథడ్ వీలైనచోట చేయాలని చూసేదీ ఇదే పని.

ఇక రెండోది. పరిశ్రమల ప్రతినిధుల ముందు లిస్ప్ ఆన్‌లైన్ డెమో. వాళ్లు నాలుగో అంతస్తులో టీవీ చూస్తున్నారు. మెకార్తీ కింద కంప్యూటర్ గదిలో మైకు పట్టుకుని ఓ డిఫరెన్షియల్ ఈక్వేషన్ లెక్క చేయిస్తున్నారు. మధ్యలో మెమరీ నిండిపోయింది. వాడని మెమరీని ఏరి తిరిగిచ్చే గార్బేజ్ కలెక్టర్ లేచి, తన లెక్కలన్నీ టైప్ చేయడం మొదలుపెట్టింది. కొత్తగా చేసుకున్న ముచ్చట కదా, పనిచేసిన ప్రతిసారీ పేజీడు వివరాలు ఇచ్చేలా పెట్టారు. ఎప్పుడూ వాడే లైన్ ప్రింటర్‌కి అదో లెక్క కాదు. ఆ రోజు తగిలించిన యంత్రం వేగం సెకనుకు 10 అక్షరాలే! దాని సంగతి పైవాళ్లకి ముందే చెప్పలేదు కూడా. టైమ్ అయిపోయింది, హాలంతా నవ్వులు.

1962లో ఆయన స్టాన్‌ఫర్డ్‌కి మారారు. 1971లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2011లో, 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మీ ప్రాజెక్ట్ డెమో దగ్గరపడితే, స్టూడెంట్ క్లాస్‌లో రెప్ర్ రెండు లైన్లు రాయండి. క్లాస్ పేరు, విద్యార్థి పేరు, రోల్ నంబరు చాలు. లోపల వెయ్యి మార్కుల లిస్టుంటే మొత్తం ఒంపేయకండి, ఎన్ని ఉన్నాయో చూపిస్తే సరిపోతుంది.