రక్తపు స్ఫటికాలతో ఇరవై రెండేళ్లు: మాక్స్ పెరుట్జ్ జీవితం

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వంటి గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ వ్యాధిని గుర్తించేందుకు చేసే తొలి పరీక్ష చాలా సులువైనది. వేలి కొన నుంచి తీసిన రక్తపు చుక్కను పరీక్షనాళికలోని ద్రావణంలో కలుపుతారు. కొద్దిసేపటి తరువాత నాళిక వెనుక ఉంచిన నల్లని గీతలు స్పష్టంగా కనిపిస్తే భయం లేదు. ద్రావణం మసకబారి గీతలు కనిపించకపోతే తదుపరి పరీక్షలు అవసరం. ఆ మసకకు కారణాన్ని వివరించిన తొలి పరిశోధకుల్లో, రక్తంలోని ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చి దాని రూపాన్ని చూడటానికి జీవితాన్ని వెచ్చించిన మాక్స్ పెరుట్జ్ ఒకరు.

పెరుట్జ్ 1914 మే 19న వియన్నాలో వస్త్ర పరిశ్రమ నడిపే సంపన్న కుటుంబంలో జన్మించారు. ఆయన న్యాయశాస్త్రం చదవాలని తల్లిదండ్రులు కోరుకున్నా, ఆయన మనసు రసాయనశాస్త్రం వైపు మొగ్గింది. 1936లో కేంబ్రిడ్జ్ చేరి జె.డి. బెర్నాల్ వద్ద పరిశోధన ఆరంభించారు. ప్రోటీన్ స్ఫటికాన్ని ఎండనీయకుండా తడిగానే ఉంచితే ఎక్స్ కిరణాలు అందులోని అణువుల అమరికను తెలుపుతాయని బెర్నాల్, డొరొతీ క్రౌఫుట్ 1934లోనే నిరూపించారు. మరుసటి ఏడాది, 1937లో, పెరుట్జ్ హిమోగ్లోబిన్‌ను తన అంశంగా ఎంచుకున్నారు.

స్ఫటికాన్ని పెంచడం ఓర్పుతో కూడిన పని. చక్కెర పాకం నెమ్మదిగా చల్లబడితే పటికబెల్లం పెద్ద పలుకులుగా కడుతుంది. తొందరపెడితే పొడిగా మిగులుతుంది. ప్రోటీన్ విషయంలోనూ ఇదే సూత్రం, కానీ ఇబ్బందులు ఎక్కువ. వేడి పెరిగితే ప్రోటీన్ పాడవుతుంది. ఉష్ణోగ్రత ఒడుదొడుకులకు లోనైతే స్ఫటికం సక్రమంగా పెరగదు. ద్రావణంలో లవణం మోతాదును జాగ్రత్తగా పెంచుతూ, అణువులు ఒక్కొక్కటిగా వరుసలో కుదురుకునే వరకు వేచి ఉండాలి. ప్రోటీన్ అణువులు విద్యుదావేశం కలిగినవి కనుక, నేటి పరిశోధకులు ఉష్ణోగ్రత నియంత్రణతో పాటు బలహీనమైన విద్యుత్ క్షేత్రాన్ని కూడా ప్రయోగించి, స్ఫటికాలు ఎక్కడ, ఎన్ని మొలకెత్తాలో అదుపు చేసే ప్రయత్నాలు చేస్తున్నారు.

స్ఫటికాలు చేతికందినా చరిత్ర ఆయనను నిలవనీయలేదు. 1938లో ఆస్ట్రియాను హిట్లర్ ఆక్రమించడంతో కుటుంబం ఆస్తి పోయింది, తల్లిదండ్రులు శరణార్థులయ్యారు. లారెన్స్ బ్రాగ్ చొరవతో 1939లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సహాయం లభించింది. 1940లో బ్రిటన్ ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయుడిగా పరిగణించి నిర్బంధించి కెనడాకు పంపింది. 1941లో తిరిగి వచ్చి పని కొనసాగించారు. 1947లో వైద్య పరిశోధన మండలి ఆయన నాయకత్వాన కేంబ్రిడ్జ్‌లో ఒక చిన్న విభాగాన్ని నెలకొల్పింది. వాట్సన్, క్రిక్ 1953లో డీఎన్ఏ రూపాన్ని కనుగొన్నది ఆ విభాగంలో పనిచేస్తున్నప్పుడే.

హిమోగ్లోబిన్ మాత్రం లొంగలేదు. అందులో దాదాపు పదివేల పరమాణువులున్నాయి. ఎక్స్ కిరణాల ఛాయాచిత్రాల్లో చుక్కలు లెక్కలేనన్ని, అర్థం మాత్రం శూన్యం. 1953లో పెరుట్జ్ అణువుకు బరువైన పాదరస పరమాణువులను జోడించారు. వాటి వల్ల చుక్కల తీవ్రతలో వచ్చిన మార్పే మిగిలిన చిక్కుముడిని విప్పే కొస అయింది. 1959లో, అంటే పని ఆరంభించిన 22 ఏళ్లకు, నాలుగు గొలుసులు పెనవేసుకున్న హిమోగ్లోబిన్ ఆకృతి తొలిసారి కనిపించింది. మయోగ్లోబిన్ రూపాన్ని వెల్లడించిన జాన్ కెండ్రూతో కలిసి 1962లో ఆయన రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు.

సికిల్ సెల్ కథ ఈ కృషితో ముడిపడి సాగింది. 1949లో అమెరికాలో లైనస్ పౌలింగ్ బృందం రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో మామూలు హిమోగ్లోబిన్‌కు భిన్నంగా కదులుతుందని చూపింది. 1950లో పెరుట్జ్, మిచిసన్ ఆక్సిజన్ కోల్పోయినప్పుడు ఆ హిమోగ్లోబిన్ చాలా తక్కువగా కరుగుతుందని తెలిపారు. కరగని అణువులు కణం లోపల గట్టిపడటంతో ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని నాళాల్లో చిక్కుకుంటుంది. నేటి పరీక్షనాళికలో కనిపించే మసకకు మూలం ఆ కరగనితనమే. పెరుట్జ్ విభాగంలోనే వెర్నన్ ఇన్‌గ్రామ్ 1956-57లో, విద్యుత్ క్షేత్రం సాయంతో ప్రోటీన్ తునకలను వేరు చేసి, గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వేలీన్ ఉండటమే ఈ వ్యాధికి మూలమని తేల్చారు.

ఒకే దోషపూరిత జన్యువు ఉన్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుంది. అందుకే మలేరియా పీడిత అటవీ ప్రాంతాల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచింది. అయితే తల్లిదండ్రులిద్దరిలోనూ అది ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు వ్యాధి సోకే అవకాశం నాలుగింట ఒక వంతు. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించే లక్ష్యంతో కేంద్రం 2023 జులై 1న ప్రారంభించిన జాతీయ కార్యక్రమం ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలనూ కలుపుకొని 17 రాష్ట్రాల్లో సాగుతోంది. నివారణకు తొలి మెట్టు పరీక్షే. పెళ్లికి ముందే దాని ఫలితం తెలిస్తే దంపతులు ఆలోచించి నిర్ణయం తీసుకోగలుగుతారు. పసితనంలోనే తెలిస్తే చికిత్స సకాలంలో మొదలవుతుంది.

హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను అందుకున్నప్పుడు, విడిచినప్పుడు దాని రూపం ఎలా మారుతుందో పెరుట్జ్ 1970లో వివరించారు. పదవీ విరమణ తరువాత కూడా ప్రయోగశాలను వీడక, 2002 ఫిబ్రవరి 6న తన 87వ ఏట కేంబ్రిడ్జ్‌లో కన్నుమూశారు.