గోదావరి ఒడ్డు నుంచి రాజ్యాంగ సభ దాకా: దుర్గాబాయమ్మ జీవితం

ప్రతి ఏడాది మన సమాఖ్య నివేదికలో పొదుపు, అప్పులు, వసూళ్ల లెక్కలు అయ్యాక ఒక పెద్దావిడ జీవితం రాసుకుంటున్నాం. గ్రామ సంఘం సమావేశంలో చదువొచ్చిన అక్క ఎవరో ఒకరు చదువుతుంటే మిగతా అందరం వింటాం. ఈసారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి రాద్దామని కార్యవర్గంలో అనుకున్నాం. ఈ ఏడు మన సమావేశాల్లో మళ్లీ మళ్లీ వచ్చిన మాట ఒకటుంది. పదో తరగతి అయిపోయిన పిల్లను చదివిద్దామా, పెళ్లి చేసేద్దామా అని. దీనికి నూరేళ్ల కిందటే మన గోదావరి ఒడ్డున పుట్టిన ఒక ఆడపిల్ల తన బతుకుతోనే జవాబు చెప్పింది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదో ఏటనే పెళ్లి చేసేశారు. ఆ రోజుల్లో అది వింతేం కాదు, వద్దనే చట్టం కూడా లేదు. ఊహ తెలిసి, కాపురానికి పంపే వయసు వచ్చాక దుర్గ నేను వెళ్లనంది. తండ్రి, తోడబుట్టినవాడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ పెళ్లికొడుకు మీద ఆమెకు కోపం ఏమీ లేదు. వేరే పెళ్లి చేసుకుని సుఖంగా ఉండమని ఆయనకే నచ్చజెప్పింది. ఇంట్లో మగవాళ్లు తోడు నిలిస్తే ఆడపిల్ల దారి ఎంత సులువవుతుందో ఇక్కడే చూడండి.

1921లో గాంధీ గారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. దుర్గకు అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. ఊళ్లో దేవదాసీ ఆడవాళ్లు, బురఖాల్లో ఉండే ముస్లిం ఆడవాళ్లు గాంధీ గారి మాట వినాలని ఆ పిల్ల పట్టుబట్టింది. అయిదు వేల రూపాయలు పోగుచేసి ఇస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారు పెద్దలు. ఆ రోజుల్లో అయిదు వేలంటే మాటలు కాదు. దేవదాసీ ఆడవాళ్లే ముందుకొచ్చి ఆ డబ్బు కూడగట్టారు. సభలో ఒంటి మీద నగలు కూడా తీసి ఇచ్చారు. గాంధీ గారి హిందీ మాటల్ని తెలుగులో చెప్పింది ఆ చిన్నపిల్లే. ఊరు వెలివేసినట్టు చూసే ఆడవాళ్ల దగ్గరికే ఆమె ముందు వెళ్లింది. మన సంఘాల్లో ఇప్పటికీ పేదింటి అక్కను, ఒంటరి అక్కను ఆఖర్న చేర్చుకునేవాళ్లం ఉన్నాం. ఈ సంగతి వాళ్లు ఒకసారి ఆలోచించాలి.

బడిలో ఇంగ్లీషులోనే చదువు చెబుతామన్నందుకు ఆ బడి మానేసిన పిల్ల, తానే హిందీ నేర్చుకుని ఆడవాళ్ల కోసం హిందీ పాఠశాల పెట్టింది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగే నాటికి అక్కడ నేర్చుకున్న ఆడవాళ్లు స్వచ్ఛంద సేవకు సిద్ధమయ్యారు. ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర దుర్గను నిలబెట్టారు. టికెట్ లేకుండా ఎవర్నీ లోపలికి పంపొద్దన్నారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు వస్తే ఆయన్నీ ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్ కొనిచ్చాకే వదిలింది. నెహ్రూ గారు కోప్పడకుండా ఆ పిల్ల ధైర్యాన్ని మెచ్చుకున్నారు. మన పొదుపు పెట్టె దగ్గర కూర్చునే అక్కలకు ఈ కథ చెప్పాలి. లీడరైనా, లీడరు చుట్టమైనా రూలు ఒకటే.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. దుర్గాబాయి గారు మద్రాసులో ఆ ఉద్యమంలో ముందు నిలిచారు. 1930 నుంచి 1933 లోపు మూడుసార్లు జైలుకెళ్లారు. మదురై జైల్లో ఒంటరి గదిలో పెట్టడంతో ఆరోగ్యం బాగా దెబ్బతింది. అక్కడ ఆమె చూసిన ఆడఖైదీలు ఎక్కువమంది చదువులేని పేదవాళ్లు. తమ మీద మోపిన కేసేంటో తెలీదు, కోర్టులో ఏం చెప్పుకోవాలో తెలీదు, తమ తరఫున మాట్లాడే దిక్కు లేదు. వీళ్ల కోసమైనా లా చదవాలని ఆమె అక్కడే నిర్ణయించుకున్నారు.

అప్పటికి ఆమె మెట్రిక్ కూడా పాసవలేదు. ఇరవై దాటిన వయసులో మళ్లీ పుస్తకం పట్టారు. బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా రాసి పాసయ్యారు. పై చదువుకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదు. ఆమె తనలాంటి మరికొందరు అమ్మాయిలను పోగుచేసి, వాళ్లు ఉండే ఏర్పాటు చేసుకుని చదివారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేసి వకీలు అయ్యారు. ఓపెన్ టెన్త్ రాయడానికి ఈ వయసులో సిగ్గేస్తుందనే మన అక్కలు ఈ సంవత్సరాలు లెక్కేసుకోవాలి.

తాను చదువుతూనే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను, భర్త పోయినవాళ్లను, ఇంట్లోంచి గెంటేసినవాళ్లను చేర్చుకుని మెట్రిక్ పరీక్షకు తయారు చేసేవాళ్లు. కుట్టు, నేత, చేతిపనులు నేర్పేవాళ్లు. తర్వాత్తర్వాత ఆస్పత్రులు, నర్సు శిక్షణ, కాలేజీలు వచ్చాయి. మద్రాసులో మొదలైన సభ హైదరాబాదుకూ విస్తరించింది.

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అంత పెద్ద సభలో ఆడవాళ్లు పదిహేను మందే. సభ నడిపే అధ్యక్షుల జాబితాలో ఉన్న ఒకే ఒక్క మహిళ దుర్గాబాయి గారు. రాజ్యసభకు పోటీ చేసే వయసు 35 అని పెట్టబోతే, 30 చాలని సవరణ తెచ్చారు. ఆ సవరణ నిలిచింది. కూతురికి ఆస్తిలో హక్కు ఉండాలని ఆమె గట్టిగా వాదించినవారు.

1952 మొదటి సాధారణ ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. సర్పంచి ఎన్నికలో ఓడిపోయి ఇల్లు కదలని మన అక్కలు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి. ఆమె ఇంట్లో కూర్చోలేదు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలై సంక్షేమం బాధ్యత చూశారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఎనిమిదేళ్లప్పుడు ఇతరులు చేసిన పెళ్లి ఒకటి, నలభై మూడేళ్లప్పుడు తన ఇష్టంతో చేసుకున్న పెళ్లి ఒకటి. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో బాల్వాడీలు, గ్రామ సేవికలు, మంత్రసానులకు శిక్షణ, మహిళా మండళ్లకు సాయం, పెద్ద వయసు ఆడవాళ్లకు తక్కువ కాలంలో చదువు చెప్పే కోర్సులు ఆ బోర్డు ద్వారా వచ్చాయి. మన అమ్మమ్మల కాలంలో ఊళ్లో మహిళా మండలి ఉండేదని వింటుంటాం కదా, వాటిలో చాలావాటికి ఆసరా అక్కడిదే. 1958లో స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకీ ఆమే అధ్యక్షురాలు. చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి, మన దగ్గరా అలాంటివి కావాలని నెహ్రూ గారితోనూ పెద్ద జడ్జీలతోనూ మాట్లాడారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేరు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేం. చిన్నప్పటి పెళ్లికొడుకు తర్వాత వేరే ఆమెను చేసుకున్నాడని చెప్పుకున్నాం కదా. ఆయన చనిపోయాక ఆ భార్య దిక్కులేనిదైంది. ఆమెను దగ్గరికి తీసి, చేతిపని నేర్పించి, సొంత కాళ్ల మీద నిలబెట్టింది దుర్గాబాయి గారే. ఆడదానికి ఆడదే శత్రువనే మాట వింటూ పెరిగినవాళ్లం మనం. ఈ ఇద్దరి సంగతి తెలిశాక ఆ మాట మన సంఘంలో ఎవరన్నా ఒప్పుకోకూడదు.

1975లో పద్మవిభూషణ్ అందుకున్న ఆమె 1981 మే 9న కన్నుమూశారు. ఆమె మొదలుపెట్టిన పనులు తరం నుంచి తరానికి నడుస్తూనే ఉన్నాయి. 1956 వారసత్వ చట్టంలో కూతురికి కొంత హక్కు వచ్చింది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చారు. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ జిల్లాలోనే పొదుపు ఉద్యమం లేచింది. అమ్మమ్మ మహిళా మండలిలో, అమ్మ సారా ఉద్యమంలో, మనం పొదుపు సంఘంలో. మన కూతుళ్లు ఎక్కడుంటారన్నది మన చేతిలో ఉంది.

ఇక్కడ మన తప్పు కూడా రాసుకుంటున్నాం. మనలో కొందరం సంఘంలో అప్పు తీసుకుని, పద్దెనిమిది నిండని కూతురికి పెళ్లి చేశాం. అప్పు కాగితంలో ఇంటి ఖర్చు అని రాయించాం. తెలిసినా పక్కవాళ్లం సంతకాలు పెట్టాం. చట్టం దృష్టిలో అది నేరం. ఆ పిల్లకు అన్యాయం. దుర్గమ్మ పేరు తల్చుకుని ఆ పని మళ్లీ చేస్తే తల్చుకున్న ఫలం ఉండదు.

అందుకని ఈ సంవత్సరం మహాసభలో పెట్టబోయే తీర్మానం ఇక్కడే ముందుగా రాస్తున్నాం. పెళ్లి ఖర్చుకు అప్పు అడిగితే పిల్ల పుట్టిన తేదీ కాగితం చూడాలి. పద్దెనిమిది నిండకపోతే అప్పు లేదు. పిల్ల చదువుకని అడిగితే ఆ దరఖాస్తు అన్నిటికన్నా ముందు తీసుకోవాలి. ఎక్కడైనా బాల్య వివాహం జరుగుతోందని తెలిస్తే 1098కి ఫోన్ చేయాలి. చేసిన అక్క పేరు బయటికి రాకుండా సంఘం కాపాడాలి. ఈ నాలుగు మాటలూ ప్రతి గ్రామ సంఘంలో చదివి, చర్చించి, మీ అభిప్రాయం తీర్మానాల పుస్తకంలో రాసి మహాసభకు తీసుకురండి.